సముద్రం మధ్యలో వరండా: చర్చి గోడల మీద బైబిల్ బొమ్మలు వేసిన కథ

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలు ఇవి. డ్యూటీలో ఉండి వినలేనివాళ్ళు, క్యాంపులో నెట్ సరిగా రానివాళ్ళు చదువుకోడానికి రాసి పెడుతున్నాం.)

 

నాది కోనసీమ. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేశాను. గీతలు గీసే ఉద్యోగం చేద్దామనుకుంటే కంప్యూటర్ వచ్చి డ్రాయింగ్ బోర్డుని అటక ఎక్కించేసింది. కువైట్ వచ్చి స్టోర్‌లో మొదలుపెట్టి, ఫోర్‌మన్ అయ్యి, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని గోడలు కట్టించానో, ఎన్నిటికి రంగు వేయించానో లెక్క లేదు. వాటిలో ఏ గోడ దగ్గరికీ నేను మళ్ళీ వెళ్ళి నిలబడలేదు. ఒక్క గోడ దగ్గరికి మాత్రం ప్రతి శుక్రవారం వెళ్తాను. ఈరోజు ఆ గోడ గురించి చెప్తాను.

పోయిన నెల ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా చర్చిలో సండే స్కూల్ రూముకి, దాని ముందు వరండాకి బైబిల్ బొమ్మలు వేద్దామనుకుంటున్నాం. మనోళ్ళు పెయింటర్లు నలుగురున్నారు. ఎలా మొదలుపెట్టాలి?" అని. మెసేజ్‌లో సమాధానం ఇవ్వబోయాను. ఐదు నిమిషాలు మాట్లాడాక అర్థమైంది, ఇది ఐదు నిమిషాల్లో అయ్యే మాట కాదని. మేము చేసిన తప్పులు కూడా చెప్పాలి కదా.

ముందు మా చోటు ఎలాంటిదో చెప్తాను. ఇక్కడ వారం సెలవు శుక్రవారం. అందుకని మా సండే స్కూల్ కూడా శుక్రవారమే. పేరు మాత్రం సండే స్కూలే! ఒకే కాంపౌండ్‌లో బోలెడు భాషల సంఘాలు. పొద్దున్న ఎనిమిదింటికి ఒక గదిలో మలయాళం, పదింటికి అదే గదిలో మనం, మధ్యాహ్నం ఫిలిప్పీన్స్ వాళ్ళు, సాయంత్రం ఇంకొకరు. గంట దాటితే తలుపు దగ్గర తర్వాతి వాళ్ళు నిలబడి ఉంటారు. గది మనది కాదు, గంటన్నర మాత్రమే మనది. గోడ మీద ఏమైనా వేయాలంటే ఈ సంగతి ముందు బుర్రలో పెట్టుకోవాలి. మేము పెట్టుకోలేదు.

2017లో మొదటి గది చేశాం. నోవహు ఓడ. గోడ ఇరవై అడుగుల పొడవు. నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని కదా, ఊరుకుంటానా? ఆదికాండం ఆరో అధ్యాయంలో ఓడ కొలతలున్నాయి: మూడు వందల మూరల పొడవు, యాభై మూరల వెడల్పు, ముప్పై మూరల ఎత్తు. మూర అంటే అడుగున్నర వేసుకోండి. నాలుగు వందల యాభై అడుగుల పొడవు, నలభై ఐదు అడుగుల ఎత్తు. అంటే పొడవులో పదో వంతు ఎత్తు. కార్టూన్ పుస్తకాల్లో గుండ్రంగా తొట్టిలాగ, పైన జిరాఫీ తల బయట పెట్టుకుని ఉంటుంది చూడండి, అది బైబిల్లో ఉన్న ఓడ కాదు. నేను స్కేలు ప్రకారం పదిహేను అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు గీయించాను. మూడంతస్తులు, పక్కన తలుపు, అన్నీ కరెక్ట్. పిల్లలు వచ్చి చూసి "అంకుల్, ట్రైన్ బాగుంది" అన్నారు.

సరే, అది నవ్వుకునే తప్పు. ఆ గదిలో అసలు తప్పులు రెండు చేశాం.

మొదటిది, పాత గోడకి ఆయిల్ పెయింట్ ఉంది. నున్నగా, మెరుస్తా ఉంది. క్రిస్మస్ లోపు అయిపోవాలని తొందర. దాన్ని గీకకుండా, ప్రైమర్ కొట్టకుండా నేరుగా దాని మీదే నీళ్ళ రంగు వేసేశాం. ఆయిల్ పెయింట్ మీద ప్లాస్టిక్ ఎమల్షన్ పట్టదు అని సైట్‌లో నేనే కుర్రాళ్ళకి పాఠం చెప్తాను. ఇక్కడ దేవుడి పని కదా, దేవుడే చూసుకుంటాడు అనుకున్నానేమో! మూడు నెలలకి ఏసీ కింద చెమ్మ తగిలినచోట ఏనుగు తొండం పెచ్చులు లేచి రాలిపోయింది. పిల్లలు గోరుతో లాగుతుంటే పొరలు పొరలుగా వచ్చేది.

రెండోది, ఓడ పైన ఇంద్రధనుస్సు కింద తెలుగులో పెద్ద పెద్ద అక్షరాలతో వాక్యం రాయించాం. దాని కింద ఖర్చు పెట్టుకున్నవాళ్ళ పేర్లు కూడా. తర్వాత ఏడాది గదులు మార్చారు. ఆ గది వేరే భాష సంఘానికి వెళ్ళింది. వాళ్ళు చదవలేని అక్షరాలు, వాళ్ళకి తెలియని పేర్లు, పైగా పెచ్చులు లేచిన గోడ. ఏం చేస్తారు? తెల్లరంగు కొట్టేశారు. నేను కోపంగా వెళ్ళాను. వాళ్ళ పెద్ద చాలా మర్యాదగా, "సార్, మా పిల్లలు ఇది ఏంటని అడుగుతారు, మేము చెప్పలేం" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. నేను ఆయన స్థానంలో ఉన్నా అదే చేసేవాణ్ణి.

రెండోసారి అవకాశం 2019లో వచ్చింది. ఈసారి గది కాదు, క్లాసు రూముల ముందు వరండా. పన్నెండు మీటర్ల పొడవు, ఒక మీటర్ ఎనభై వెడల్పు. రెండు పక్కలా గోడలే. ఒక పక్క నాలుగు తలుపులు. కిటికీ లేదు, ట్యూబ్‌లైట్ల వెలుగే. చిన్నపిల్లలు ఆ వరండాలోకి రావాలంటే ఏడ్చేవాళ్ళు. దానికి ఏదైనా చేయండి అని కాంపౌండ్ ఆఫీసువాళ్ళే అడిగారు. షరతులు చెప్పారు: కాంపౌండ్ బయట గోడ మీద ఏమీ ఉండకూడదు, లోపల మాత్రమే. ఫైర్ హోస్ పెట్టె, అలారం, ఎగ్జిట్ బోర్డు మీద ఒక్క చుక్క రంగు పడకూడదు. ఏ సంఘం పేరూ ఉండకూడదు.

వరండా గోడకీ గది గోడకీ తేడా ఉందండి. గదిలో కూర్చుని గోడని ఎదురుగా చూస్తాం. వరండాలో నడుస్తూ పక్క నుంచి చూస్తాం. ఆరడుగుల వెడల్పులో వెనక్కి వెళ్ళి చూడ్డానికి చోటే ఉండదు. కాబట్టి అక్కడ ఒక పెద్ద బొమ్మ వేస్తే ఎవరికీ పూర్తిగా కనపడదు. నడిచే చోట నడిచే కథ కావాలి.

నడిచే కథ అంటే నిర్గమకాండం 14వ అధ్యాయం. ఎర్ర సముద్రం పాయలైంది, నీళ్ళు కుడి పక్కా ఎడమ పక్కా గోడల్లా నిలబడ్డాయి, జనం ఆరిన నేల మీద నడిచి వెళ్ళారు. మాకున్నదేమిటి? కుడి పక్క గోడ, ఎడమ పక్క గోడ, మధ్యలో నేల. అంతా రాసిపెట్టినట్టే ఉంది. రెండు గోడలూ నీళ్ళు చేసేస్తే పిల్లలే ఇశ్రాయేలీయులు. ఇది నా కొత్త ఆలోచన అని చెప్పను, చాలా దేశాల చర్చిల్లో ఇలాంటి వరండాలు ఉన్నాయి. కానీ మా ఇరుకు వరండాకి ఇంతకన్నా సరిపోయే కథ ఇంకొకటి దొరకదు.

కమిటీలో చెప్పగానే మన సంఘంలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. "బాబూ, పది ఆజ్ఞల్లో రెండోది మర్చిపోయావా? విగ్రహమూ, రూపమూ వద్దని కదా. ఇవాళ మోషే బొమ్మ, రేపు ప్రభువు బొమ్మ, ఎల్లుండి దానికి దండ." ఆయనంటే మాకందరికీ గౌరవం. కొట్టిపారేసే మాట కూడా కాదు. మన ఊళ్ళలో కూడా ఒక చర్చిలో బొమ్మలుంటే ఇంకో చర్చిలో ఒక్కటి కూడా ఉండదు. ఎవరి నమ్మకం వాళ్ళది.

పాస్టర్ గారు ఆయనకి ఒక పుస్తకం చూపించారు. క్రీస్తు శకం 600 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో సెరెనస్ అని ఒక బిషప్, జనం మొక్కుతున్నారని చర్చిలో బొమ్మలు పగలగొట్టించాడట. రోమ్ నుంచి పోప్ గ్రెగొరీ ఆయనకి ఉత్తరం రాశాడు. మొక్కనివ్వకపోవడం మంచిదే, కానీ పగలగొట్టి ఉండాల్సింది కాదు, చదువు రానివాళ్ళు పుస్తకంలో చదవలేనిది గోడ మీద చూసి తెలుసుకుంటారు అని. అంటే మా కమిటీలో జరిగిన గొడవ పద్నాలుగు వందల ఏళ్ళ నాటిది! పెద్దాయన నవ్వారు, కానీ ఒప్పుకోలేదు. మూడు మాటలు అడిగారు. ఆరాధన హాల్లో వద్దు, పిల్లలు నేర్చుకునే చోటే. దేవుడి రూపం వద్దు. మనుషుల ముఖాలు పెద్దగా వద్దు. మేము సరే అన్నాం.

అదే పుస్తకంలో ఇంకో సంగతి చూశాను, అది నాకు బాగా పట్టింది. సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డున దురా యూరోపోస్ అని పాత ఊరు. రోమన్ల సరిహద్దు ఊరు, సైనికులుండే ఊరు. అక్కడ ఒక మామూలు ఇంటిని చర్చిగా మార్చుకున్నారు. రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలు చేశారు. బాప్తిస్మం ఇచ్చే గదికి బొమ్మలు వేశారు: మంచి కాపరి, నీళ్ళ మీద నడక, మంచం ఎత్తుకుని వెళ్ళే పక్షవాత రోగి. ఇవి క్రీస్తు శకం 240ల నాటివి. తెలిసిన క్రైస్తవ బొమ్మల్లో అతి పాతవాటిలో లెక్క. అవి ఎలా మిగిలాయో తెలుసా? 256 ప్రాంతంలో శత్రువులు ముట్టడిస్తే, కోటగోడ బలంగా ఉండాలని లోపలి పక్క ఇళ్ళన్నీ మట్టితో పూడ్చేశారు. మా భాషలో చెప్పాలంటే బ్యాక్‌ఫిల్లింగ్. ఊరు పోయింది, ఆ మట్టి కింద బొమ్మలు ఉండిపోయాయి. 1930ల మొదట్లో తవ్వితే బయటపడ్డాయి. ఇప్పుడు అమెరికాలో యేల్ యూనివర్సిటీ దగ్గర ఉన్నాయి. వేసినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఎవడో మనలాంటి పెయింటరే అయ్యుంటాడు అనుకున్నాను.

ఇక మా పెయింటర్ గురించి చెప్పాలి. పేరు చెప్పను, ఆయనకిష్టం ఉండదు. జగిత్యాల తమ్ముడు. ఊళ్ళో ఉన్నప్పుడు షాపుల బోర్డులు, గోడల మీద ప్రకటనలు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. కువైట్ వచ్చి రోలర్ పట్టుకున్నాడు. ఆయన చర్చికి వచ్చే మనిషి కాదు. మా సంఘంలో ఒకాయన రూమ్మేట్. నేను వరండా చూపించి అడిగితే చాలాసేపు గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "పదకొండేండ్ల సంది తెల్లరంగు, బిస్కట్ రంగు తప్ప ఏం ముట్టలే అన్నా. కుంచె పట్టుడు మర్శిపోయిన్నో ఏమో. సూస్త" అన్నాడు. చిన్నప్పుడు స్కూల్ వాళ్ళు మెదక్ చర్చికి తీసుకెళ్ళారట. కరువు రోజుల్లో జనానికి పని కల్పించి, తిండి పెట్టి కట్టించిన చర్చి అది, 1924 క్రిస్మస్ నాడు తెరిచారు. అక్కడి రంగు అద్దాల్లో బొమ్మల మీద ఎండ పడితే నేల మీద రంగులు పడ్డాయని, అది తనకి ఇప్పటికీ గుర్తుందని చెప్పాడు. "గక్కడ ఎండ ఉన్నది. గీడ ట్యూబ్‌లైటే. లేత రంగులు ఏద్దామన్నా, చీకటి నీలం వద్దు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు తెలిసింది, ఇతను రోలర్ మనిషి కాదని.

డబ్బులిస్తామంటే వద్దన్నాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన అకామా ఒకచోట ఉండగా అనుమతి లేకుండా బయట ఇంకొకరి దగ్గర కూలికి చేస్తే చిక్కు. ఇది మీకందరికీ తెలుసు. కాబట్టి ఎవరైనా ఇలాంటి పనికి వస్తే ఇష్టపూర్వకంగా, సేవగా మాత్రమే రావాలి. అలా వచ్చినవాణ్ణి మనం ఎలా చూసుకుంటున్నాం అన్నది ఇంకో ప్రశ్న. దాని దగ్గరికి వస్తాను.

ఈసారి గోడ పని సరిగ్గా చేశాం. మెసేజ్ పెట్టిన తమ్ముడూ, ఇది రాసుకో.

ముందు గోడ తడి చూడాలి. ఉప్పు తెల్లగా పొంగుతుంటే లోపల చెమ్మ ఉన్నట్టు. అది ఎక్కడి నుంచి వస్తుందో చూసి ఆపకుండా ఏ రంగు వేసినా వృథా. మాకు ఏసీ డ్రెయిన్ పైపు కారుతోంది, ముందు అది బాగు చేయించాం. తర్వాత పాత ఆయిల్ పెయింట్‌ని సాండ్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దాం. దుమ్ము తడిగుడ్డతో తుడిచి, సొట్టలకి పుట్టీ పెట్టి (ఇక్కడ స్టకో అంటారుగా, అదే), మళ్ళీ రుద్ది, ఆయిల్ మీద కూడా పట్టే ప్రైమర్ ఒక కోటు కొట్టాం. ఇదే నాలుగు శుక్రవారాలు పట్టింది. అందరూ "బొమ్మలెప్పుడు, బొమ్మలెప్పుడు" అని అడుగుతుంటే ఓపిక పట్టడమే కష్టం.

లెక్క చూడండి. పన్నెండు మీటర్లు, రెండు గోడలు, ఎత్తు రెండు మీటర్ల నలభై. మొత్తం 57 చదరపు మీటర్ల చిల్లర. తలుపులు నాలుగు తీసేస్తే 50. లీటరుకి పది చదరపు మీటర్లు వస్తుందనుకుంటే ప్రైమర్ ఐదు లీటర్లు, బేస్ నీలం రెండు కోట్లకి పది లీటర్లు. ఇక్కడ గ్యాలన్ 3.6 లీటర్లు కదా, ప్రైమర్ రెండు గ్యాలన్లు, నీలం మూడు. ఆ మూడు గ్యాలన్లూ ఒక పెద్ద డ్రమ్ములో కలిపేసి వాడండి. రేపు మళ్ళీ కలిపితే అదే నీలం రాదు. బొమ్మల రంగులకి పెద్ద జాబితా అక్కర్లేదు: తెలుపు, నలుపు, పసుపు, ఎరుపు, నీలం, ఒక మట్టి రంగు. మిగతావన్నీ కలుపుకోవచ్చు. కలిపిన ప్రతి రంగూ కొంచెం మూత ఉన్న డబ్బాలో పోసి, మూత మీద అదే రంగుతో చుక్క పెట్టి, ఏ బొమ్మ రంగో రాసి దాచాలి. ఇది జగిత్యాల తమ్ముడి నియమం.

గీయడానికి ప్రొజెక్టర్ అన్నారు. ఇరుకు వరండాలో ప్రొజెక్టర్ వెనక్కి పోదు, బొమ్మ ఒంకరగా పడుతుంది, మన నీడే అడ్డం వస్తుంది. నా పాత చదువు అక్కడ పనికొచ్చింది. గోడని మూడేసి మీటర్ల ముక్కలు చేశాను. ఒక్కో ముక్కకి ఏ3 కాగితం మీద ముప్పై సెంటీమీటర్లు, ఇరవై నాలుగు సెంటీమీటర్లు బొమ్మ గీసి, రెండేసి సెంటీమీటర్ల గళ్ళు కొట్టాను. గోడ మీద ఇరవయ్యేసి సెంటీమీటర్ల గళ్ళు. పదింతలు. అడ్డం పదిహేను గళ్ళు, నిలువు పన్నెండు. కాగితం గడిలో ఏముందో గోడ గడిలో అది. బొమ్మలు రానివాడు కూడా గడి చూసి గీయగలడు. మన డ్రైవర్లు, వంటవాళ్ళు కూడా గీశారు.

ఎత్తు సంగతి. మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లల కన్ను నేలకి మీటరు లోపే ఉంటుంది. పెద్దవాళ్ళం మన కంటికి ఆనేలా వేసుకుంటాం, వాళ్ళకి ఏమీ కనపడదు. అందుకే చిన్న చిన్నవన్నీ అరవై సెంటీమీటర్ల నుంచి మీటరు పది లోపు పెట్టాం: చేపలు, పీత, తాబేలు, నత్త. అరవై లోపల బూటు దెబ్బలు తగులుతాయి, అక్కడ ముదురు ఇసుక రంగు, కడిగితే పోయే రకం పెయింట్. మనుషుల్ని వెనక నుంచి గీశాం. పిల్లలు వాళ్ళ వెనకే నడుస్తున్నట్టు. పెద్దాయన షరతూ తీరింది, ముఖాలు గీసే కష్టమూ తప్పింది. మునిగిపోయే సైనికుల్ని, గుర్రాల్ని వేయలేదు. అది కథలో ఉంది, టీచర్లు చెప్తారు. నాలుగేళ్ళ పిల్ల రోజూ చూడాల్సిన బొమ్మ కాదు.

ఒక శుక్రవారం, ఇంట్లో పనిచేసే అక్క ఒకామె వచ్చి గోడ చూసింది. రాజంపేట వైపు మనిషి. ఆమెకి నెలకి రెండు శుక్రవారాలే బయటికి పంపుతారు. పెన్సిల్ గీతలన్నీ చూసి, "తమ్ముడా, అందరూ కర్రలు పట్టుకునే పోతావుండారే. పిండి తొట్టి ఎవరికీ లేదే?" అంది. మాకు అర్థం కాలేదు. "ఆ రేత్రి పిండి పులవకముందే బయల్దేరినారు గదా, పిండి పిసికే తొట్లు గుడ్డల్లో కట్టి బుజాన ఏసుకుని పోయినారని ఉంది. ఆడోళ్ళు ఒట్టి చేతుల్తో ఎందుకు పోతారు?" పన్నెండో అధ్యాయం తీసి చూస్తే నిజమే. అంతమంది మగాళ్ళం, పాస్టర్ గారితో సహా, ఎవరికీ తట్టలేదు. రోజూ పిండి పిసికే మనిషికే గుర్తుంది. ఆ రోజే భుజం మీద మూటతో ఒకావిడని గీశాం. వరండాలో ఇప్పుడు అందరూ ముందు చూసేది ఆమెనే.

తప్పు లేకుండా అయిపోయిందనుకోకండి. ఒక గోడ అయ్యాక, పని తేలికవుతుందని మనుషుల ఆకారాలు అట్టలో కత్తిరించి, అదే అట్ట రెండో గోడకి వాడాం. ఒక గోడ పూర్తయి రెండోది సగమయ్యాక, ఏడేళ్ళ పాప ఒకతి అటూ ఇటూ చూసి, "అంకుల్, వీళ్ళు ఐగుప్తుకి ఎందుకు వెనక్కి వెళ్ళిపోతున్నారు?" అంది. చూస్తే ఏముంది, ఎదురెదురు గోడలు కదా, ఒకే అట్ట తిప్పకుండా వాడితే ఒక గోడ మీద వాళ్ళు క్లాసు వైపు నడుస్తారు, రెండో గోడ మీద బయటి గేటు వైపు! అక్కడున్న మన కుర్రాడొకడు "వాళ్ళకి ఎగ్జిట్ పడిందిలే పాపా" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. తర్వాత రెండు శుక్రవారాలు అదంతా చెరిపి, అట్ట తిప్పి మళ్ళీ వేశాం. మీరు మాత్రం అట్ట కత్తిరించగానే దాని మీద బాణం గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు చెప్పడానికి ఇష్టం లేని భాగం.

డిసెంబర్‌లో తొందర మొదలైంది. మళ్ళీ అదే క్రిస్మస్ తొందర. నేను తమ్ముణ్ణి వరసగా శుక్రవారాలన్నీ రమ్మన్నాను. వారంలో ఆరు రోజులు డ్యూటీ, గురువారం ఓవర్‌టైం. శుక్రవారం పొద్దున్న ఏడింటికి నేనే కారేసుకుని క్యాంపుకి వెళ్ళి తీసుకొచ్చేవాణ్ణి. ఆయన ఎప్పుడూ కాదనలేదు. బట్టలెప్పుడు ఉతుక్కున్నాడో, ఇంటికి ఫోనెప్పుడు చేసుకున్నాడో నేను అడగలేదు. ఒక శుక్రవారం నీటి అల పైభాగం అందక, టేబుల్ మీద స్టూల్ వేసుకుని ఎక్కాడు. నేను అక్కడే ఉన్నాను, చూశాను. సైట్‌లో ఎవరైనా అలా ఎక్కితే పని ఆపించి, ఫైన్ రాయించే మనిషిని నేను. ఇక్కడ "జాగ్రత్త తమ్ముడూ" అని ఊరుకున్నాను.

స్టూల్ జారింది. కుడి చెయ్యి కింద పెట్టి పడ్డాడు. మణికట్టు విరిగింది.

హాస్పిటల్‌లో కట్టు కట్టించుకుని వచ్చేటప్పుడు కారులో ఆయన అన్న మాట ఒక్కటే: "అన్నా, కంపెనీల ఏం జెప్పాలె?" నొప్పి గురించి కాదు. అప్పుడు తగిలింది నాకు. ఆయన చెయ్యి నాకు గోడ, ఆయనకి ఇల్లు. నేనే ఆయన సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను, తప్పు నాదని చెప్పాను. సెలవు దొరికింది కానీ ఓవర్‌టైం అంతా పోయింది. ఆ నెల ఇంటికి పంపే డబ్బు తగ్గింది. ఆ తేడా నేను ఇచ్చాను, సంఘంలో కొందరు కలిశారు. ఆయన తీసుకోనంటే, ఇది సాయం కాదు, బాకీ అని చెప్పి చేతిలో పెట్టాను.

అప్పుడు రాసుకున్న నియమాలు ఇవి. ఒక మనిషిని నెలకి రెండు శుక్రవారాలకన్నా పిలవకూడదు. వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనం పెట్టి ఒంటిగంటకి పంపేయాలి. టేబుల్ మీద ఎక్కకూడదు. చక్రాలకి బ్రేకున్న చిన్న టవర్ అద్దెకి తెచ్చాం, దాని ఖర్చు మొత్తం పెయింట్ ఖర్చులో సగం కూడా కాలేదు. ముందే తెచ్చి ఉంటే? సేవ అని పేరు పెట్టి మనిషి అలసటని లెక్క చూడకపోతే, కాంట్రాక్టర్‌ని తిట్టే హక్కు మనకెక్కడిది?

ఆరు వారాలకి కట్టు విప్పారు. ఆయన తనంతట తనే వచ్చాడు. నేను పిలవలేదు. ఫిబ్రవరి 2020లో చివరి అల, చివరి చేప అయిపోయాయి. ఒక్క అక్షరం రాయలేదు. ఒక్క పేరు పెట్టలేదు. రెండు శుక్రవారాలు పిల్లలు ఆ నీళ్ళ మధ్య నడిచారు. తర్వాత మీకు తెలుసు, కరోనా వచ్చి అన్నీ మూసేశారు. చాలాకాలం ఆ వరండాలో లైటు కూడా వేయలేదు. జగిత్యాల తమ్ముడికి పని పోయింది. వందే భారత్ విమానంలో ఇంటికి వెళ్ళిపోయాడు. ఆయన బొమ్మలు వేసేటప్పుడు ఎప్పుడూ పని మధ్యలోనే చూశాడు. గోడ పూర్తయ్యాక ఆ రెండు శుక్రవారాలూ డ్యూటీ పడింది, పిల్లలు నడవడం చూడలేదు.

మళ్ళీ తెరిచాక గదులు మళ్ళీ మార్చారు. ఇప్పుడు ఆ వరండాలో మన పిల్లలకన్నా వేరే భాషల పిల్లలే ఎక్కువ నడుస్తారు. మన క్లాసు పైఅంతస్తుకి వెళ్ళింది. ఎవరూ తెల్లరంగు కొట్టలేదు. ఎవరి భాషలో వాళ్ళు ఆ కథ చెప్పుకుంటున్నారు. నేను శుక్రవారం ఆరాధన అయ్యాక కిందికి దిగి ఐదు నిమిషాలు నిలబడతాను. పిల్లలు చెయ్యి గోడకి ఆనించి రాస్తూ పరిగెడతారు. మీటరు ఎత్తులో ఒక పసుపు చేప ఉంది, అందరి చేతులూ దాని మీదే. రంగు అరిగిపోయింది.

పోయిన సంవత్సరం వీడియో తీసి తమ్ముడికి పంపాను. ఊళ్ళో చిన్న పెయింట్ షాపు పెట్టుకున్నాడు. వాళ్ళ అమ్మాయి కూడా పక్కన కూర్చుని చూసిందట. పొగుడుతాడేమో అనుకున్నాను. రాత్రికి మెసేజ్ వచ్చింది: "అన్నా, పసుపు చేప అరిగింది. మూడో నంబర్ డబ్బ సూడు, ఎండిపోకపోతే గదే రంగు. ముందుగాల కొంచెం రుద్దు, ఉత్తగ పూయకు."

డబ్బా తీసి చూశాను. ఎండలేదు. వచ్చే శుక్రవారం నా ఖాళీ రోజు. నేనే కూర్చుని వేస్తాను, నేల మీద కూర్చుంటే అందుతుంది, ఎక్కాల్సిన పని లేదు.

మీ చర్చిలో, మీ గుడిలో, మీ క్యాంపు మెస్ హాల్లో ఇలాంటి గోడ ఏదైనా ఉంటే మాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. మొదలుపెట్టబోయే తమ్ముడూ, గోడ చెమ్మ చూడు, నీ మనుషుల అలసట చూడు, ఆ తర్వాతే కుంచె. ఉంటానండి. అందరూ జాగ్రత్త.